మా తాతగారి ఇంటిని హెరిటేజ్‌గా గుర్తించమని అడగొచ్చా? అడిగితే తర్వాత ఏమవుతుంది?

కాచిగూడ_మనవరాలు:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

కాచిగూడ స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో మాకో పాత ఇల్లుంది. తాతగారి నాన్న కట్టించారట. వందేళ్లు ఎప్పుడో దాటాయని ఇంట్లో అందరూ అంటారు గానీ ఏ సంవత్సరమో చెప్పే కాగితం ఎవరి దగ్గరా లేదు. మందపాటి రాతి గోడలు, సున్నం పూత, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, వీధి వైపు చెక్క బాల్కనీ, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్. కింద వీధి గదుల్లో ఒక టైలర్ షాపు, ఒక స్టేషనరీ షాపు ఉన్నాయి, వాళ్లిచ్చే అద్దె చెప్తే నవ్వుతారు. పైన పెద్ద బాబాయి, పిన్ని ఉంటారు. వర్షాకాలం వచ్చిందంటే రెండు గదుల్లో గిన్నెలు పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు ఒక బిల్డర్ వెంటపడుతున్నాడు. పడగొట్టి ఐదంతస్తులు వేస్తాడట, ఫిఫ్టీ ఫిఫ్టీ. చిన్న బాబాయి సంతకానికి రెడీ. అత్త ఏమీ తేల్చదు. నాన్నకి మాత్రం ప్రాణం ఒప్పడం లేదు, అలాగని రిపేరుకి పెట్టేంత డబ్బూ లేదు.

ఒకరేమో "పాత కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ వాళ్లని పిలవండి, వచ్చి బోర్డు పెడతారు, ఇంకెవరూ ముట్టుకోలేరు" అంటారు. ఇంకొకరు "పొరపాటున కూడా పిలవకండి, ఒక్కసారి లిస్టులో పడితే మేకు కొట్టుకోవాలన్నా పర్మిషన్, జన్మలో అమ్ముకోలేరు" అంటారు. ఇది విన్నప్పటి నుంచి చిన్న బాబాయికి ఒకటే టెన్షన్, నేను ఫోన్‌లో ఎవరితో మాట్లాడినా ఎవరితో అని అడుగుతున్నాడు.

అసలు లిస్టులో పెట్టేది ఎవరు? వాటాదారుల్లో ఒక్కరు అడిగితే సరిపోతుందా? పెట్టాక అమ్ముకోవచ్చా? రిపేరుకి ఎవరైనా డబ్బిస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

ప్లానింగ్_పాతకాపు:

ముందు మీ ఆశ, మీ బాబాయి భయం రెండూ కాస్త తగ్గించుకోండమ్మా. హెరిటేజ్ అనే ఒక్క మాట కింద జనం మూడు నాలుగు వేరు వేరు సంగతులు కలిపేస్తారు.

కేంద్ర పురావస్తు శాఖది 1958 చట్టం. మన ఊళ్లో చార్మినార్, గోల్కొండ కోట వాళ్ల చేతిలో ఉన్నవి. 2010లో దానికి సవరణ తెచ్చి రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం కుదరదని, ఆ తర్వాత ఇంకో 200 మీటర్లు అనుమతితోనే అని పెట్టారు. చార్మినార్ పక్కన ఇల్లున్నవాళ్లకి ఇది పెద్ద తలనొప్పి, కాచిగూడలో మీకు తగలదు. రాష్ట్రానికి 1960 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఉండేది, 2017లో తెలంగాణ తన సొంత హెరిటేజ్ చట్టం చేసుకుంది.

మీలాంటి ఇళ్లకి అసలు పనికొచ్చింది ఇవేవీ కాదు. 1981 నాటి హుడా, అంటే హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ, జోనింగ్ నిబంధనల్లో 1995 డిసెంబరులో చేర్చిన 13వ రెగ్యులేషన్. అదే ఏడాది ఏప్రిల్‌లో ముంబయి తన 67వ నిబంధన తెచ్చింది, దాని వెనకే మనం. గుడి, కోట, సమాధి కాకుండా మామూలుగా జనం ఉండే ఇల్లు, నడిచే బజారు, ఆస్పత్రి కూడా నగరానికి గుర్తేనని చెప్పి నూట ముప్పైకి పైగా భవనాలు లిస్టులో పెట్టారు. కొన్ని రాతి గుట్టలు కూడా ఉన్నాయి అందులో, అది నాకు ఇప్పటికీ నచ్చే విషయం. లిస్టులో ఉన్నదాన్ని పడగొట్టాలన్నా మార్చాలన్నా హుడా అనుమతి కావాల్సి ఉండేది, హుడా హెరిటేజ్ కన్సర్వేషన్ కమిటీని అడగాల్సి ఉండేది. అంతే దాని బలం. 2015 డిసెంబరులో ప్రభుత్వం ఆ నిబంధననే తీసేసింది.

ఇక ఇన్‌టాక్. 1984లో పెట్టిన స్వచ్ఛంద సంస్థ. సర్వేలు చేస్తారు, అవార్డులిస్తారు, కోర్టుకి కూడా వెళ్తారు, మంచివాళ్లే. కానీ వాళ్లు గోడకి బోర్డు పెట్టినంత మాత్రాన బుల్డోజర్ ఆగదు. మీకు "ముట్టుకోలేరు" అని చెప్పినాయన ఇక్కడే కలగాపులగం చేశాడు.

ఎవరైనా అర్జీ పెట్టొచ్చు, వాటాదారు కానక్కర్లేదు కూడా. కానీ అర్జీ అంటే అర్జీయే, నిర్ణయం ప్రభుత్వానిది. వచ్చి చూస్తారు, నోట్ రాస్తారు, యజమానులకి నోటీసు, అభ్యంతరాలకి గడువు. నలుగురు వాటాదారుల్లో ఇద్దరు గట్టిగా వద్దంటే, ఇంట్లో చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కిన మనిషెవరూ పుట్టకపోతే, ఆ ఫైలు ముందుకి కదులుతుందని నేను పందెం కాయను.

అమ్ముకోవచ్చా అంటే భేషుగ్గా అమ్ముకోవచ్చు. లిస్టులో పెట్టడం వల్ల యాజమాన్యం మారదు. మారేది ఇంటిని ఏం చేయొచ్చన్నదే. కాకపోతే కొనేవాడు స్థలం చూసి కొంటాడు గానీ ఇల్లు చూసి కాదు, కాబట్టి రేటు మీద దెబ్బ పడుతుందన్న మీ బాబాయి భయం ఉత్తదే అని అనలేను.

దేవిడీ_వారసుడు:

పాతకాపు గారు అంతా పద్ధతిగా చెప్పారు, నేను లిస్టులో పడినవాడి వైపు నుంచి చెప్తాను. మాది పాతబస్తీలో దేవిడీ, అంటే పాతకాలపు నవాబుల మహల్ లాంటి ఇల్లు. మాది పెద్ద దేవిడీలో మిగిలిన ముక్క. మా నాన్నగారి హయాంలో లిస్టులోకి వచ్చింది. ఆ రోజు ఫోటోలు తీసుకున్నారు, చాయ్ తాగారు, మనసు నిండిపోయింది. తర్వాత వెనక వసారాలో దూలం విరిగింది. మార్చుకుంటామని కాగితం పెట్టాం. ఈ సెక్షన్ నుంచి ఆ సెక్షన్‌కి, అక్కడి నుంచి కమిటీకి, కమిటీ కూర్చోలేదు కాబట్టి మళ్లీ వెనక్కి. ఈలోగా వానలొచ్చాయి, వసారా మొత్తం కూర్చుంది. కూర్చున్నాక ఎవరూ ఏమీ అడగలేదు, అదీ తమాషా. మా పక్కింటాయన ఏ కాగితమూ పెట్టకుండా రాత్రికి రాత్రి ముందు గోడ లేపేసి షట్టర్లు పెట్టుకున్నాడు, ఇప్పుడు నెలనెలా అద్దె తింటున్నాడు.

సాలార్‌జంగుల దివాన్ దేవిడీ చూడండి, ఒకప్పుడు చిన్న ఊరంత మహల్. ఇప్పుడు కమాన్లు తప్ప ఏం మిగిలింది, లోపలంతా బట్టల షాపులే. అంత పెద్దోళ్ల ఇల్లే నిలబడలేదు, మనదెంత?

నేను హెరిటేజ్‌కి వ్యతిరేకిని కాదు తల్లీ. కానీ ఇంటి మీద బాధ్యత మొత్తం యజమానిది, మాట మొత్తం సర్కారుది అంటే ఆ ఇల్లు ఎప్పుడు కూలుతుందా అని యజమానే ఎదురు చూస్తాడు. చూస్తున్నారు కూడా, నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. టెర్రస్ మీద రావి మొక్క మొలిస్తే పీకరు, నీళ్లు కూడా పోస్తారేమోనని నా అనుమానం.

ఫ్లాట్_బెటర్:

వారసుడు గారు చెప్పింది విన్నాక ఇంకా డౌటా? ఇచ్చేయండి డెవలప్‌మెంట్‌కి. నలుగురికీ తలో రెండు ఫ్లాట్లు, లిఫ్టు, కార్ పార్కింగ్. పెద్దవాళ్లు మెట్లెక్కలేని వయసులో చెక్క బాల్కనీ చూసుకుని ఏం చేస్తారు? అంత ఇష్టమైతే ఆ తలుపులు, దూలాలు తీసి కొత్త ఫ్లాట్‌లో పెట్టించుకోండి. మేం అదే చేశాం, హాల్లో బ్రహ్మాండంగా ఉంది.

బ్రూక్లిన్_బాబు:

నేను ఉండేది న్యూయార్క్‌లో, హిస్టారిక్ డిస్ట్రిక్ట్ (జిల్లా కాదు, వారసత్వ ప్రాంతంగా గుర్తించిన కొన్ని వీధులు) లోపల, వరసగా ఆనుకుని కట్టిన పాత రో హౌస్‌లో. ఇక్కడ ఎలా నడుస్తుందో చెప్తే పోల్చుకోవడానికి పనికొస్తుందేమో, మనకి పూర్తిగా అతకదు, ముందే చెప్తున్నా.

ఇక్కడ కూడా పోగొట్టుకున్నాకే బుద్ధొచ్చింది. పెన్ స్టేషన్ అని మహా గొప్ప రైల్వే స్టేషన్, 1963లో పడగొట్టడం మొదలెట్టారు. ఊరంతా గోల. 1965 ఏప్రిల్‌లో మేయర్ వాగ్నర్ ల్యాండ్‌మార్క్స్ చట్టం మీద సంతకం పెట్టాడు, దానికోసమే ఒక కమిషన్ ఏర్పడింది. ఆ ఏడాదే మొదటగా గుర్తించింది ఏ ప్యాలెస్‌నో కాదు, బ్రూక్లిన్‌లో ఒక పాత డచ్ రైతు ఇంటిని, వైకాఫ్ హౌస్. భవనానికి కనీసం 30 ఏళ్లుండాలి, అంతే వయసు నియమం. ఎవరైనా ఫలానా ఇల్లు చూడండి అని ఉత్తరం రాయొచ్చు. కమిషన్ వాళ్లు పరిశోధన చేస్తారు, పబ్లిక్ హియరింగ్ పెడతారు, ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు, ఓటేస్తారు, తర్వాత సిటీ కౌన్సిల్‌కి కొట్టేసే అధికారం ఉంటుంది. యజమాని ఒప్పుకోవాలన్న రూలు లేదు. అందుకే కోర్టు దాకా వెళ్లింది. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన టవర్ వేస్తామని పెన్ సెంట్రల్ కంపెనీ అడిగితే కమిషన్ కాదంది, 1978లో సుప్రీంకోర్టు కమిషన్ వైపే తీర్పిచ్చింది. అక్కడ కట్టుకోలేని అంతస్తుల హక్కుని పక్క స్థలాలకి మార్చుకునే వీలుందన్నది కూడా ఆ తీర్పులో ఒక కారణం. మన టీడీఆర్, అంటే కట్టుకునే హక్కుని వేరే చోటికి బదిలీ చేసే సర్టిఫికెట్, లాంటిదే.

నాకు బాగా తేడాగా అనిపించేది ఏంటంటే ఇక్కడ ఇల్లు ఒక్కటే కాదు, వీధికి వీధే గుర్తిస్తారు. మొత్తం గుర్తించిన భవనాలు 38 వేలకి పైగా ఉంటే విడిగా ల్యాండ్‌మార్క్ అయినవి 1,500 లోపే, మిగతావన్నీ డిస్ట్రిక్టుల్లోవి. 1965లో బ్రూక్లిన్ హైట్స్ మొదటిది. కాబట్టి నా ఇంటికి గొప్ప చరిత్ర ఏమీ అక్కర్లేదు, వరసలో ఉంటే చాలు. పక్కవాడికీ నాకూ ఒకే రూలు, వాడు షట్టర్ పెట్టి బాగుపడి నేను నష్టపోవడం ఉండదు. పైగా వరసంతా ఉంటే కొనేవాళ్లు ఆ వీధి అందం కోసమే ఎక్కువిస్తారు.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. వీధి వైపు కిటికీలు మార్చాలంటే కమిషన్ పర్మిట్ కావాలి. చవకగా దొరికే వినైల్ ఫ్రేములు కుదరవన్నారు, పాతవాటి గీతలకి సరిపోయే చెక్క ఫ్రేములే పెట్టాలన్నారు, ఖర్చు నాదే. కానీ లోపల వంటగది ఎలా మార్చుకున్నా సాధారణంగా పట్టించుకోరు, వీళ్ల చూపంతా బయటి రూపం మీదే. ఇంట్లో ఎవరుంటున్నారు, షాపు పెట్టారా, అద్దెకిచ్చారా అన్నది కూడా వీళ్లకి సంబంధం లేదు. చిన్న పనులకి ఆఫీసులోనే పర్మిట్ ఇచ్చేస్తారు, ఇంటి రూపం మార్చేంత పెద్దదైతేనే కమిషన్ ముందుకి వెళ్తుంది. వారసుడు గారి దూలం ఇక్కడైతే ఆ చిన్న పనుల్లోకే వచ్చేదని నా నమ్మకం.

గచ్చుపని:

నేను పాత ఇళ్ల మరమ్మతులు చేసే ఆర్కిటెక్టుని. లిస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఇల్లు బతకాలి కదా.

మీరు చెప్పినదాన్ని బట్టి కారేది టెర్రస్. మద్రాస్ టెర్రస్ అంటే దూలాల మీద సన్న ఇటుకల్ని నిలువుగా పేర్చి, పైన ఇటుక ముక్కల సున్నం కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టి చేసింది. అది ఊపిరి పీల్చే కప్పు. ఎవరైనా మేస్త్రీ వచ్చి పైన సిమెంటు కొట్టి వాటర్‌ప్రూఫింగ్ చేశాడా? చేసి ఉంటే అక్కడే మొదలైంది జబ్బు. పగుళ్లలోంచి దిగిన నీళ్లు పైకి ఆరలేక దూలాల చివర్లలోకి, గోడలో కూర్చున్న భాగంలోకి పోతాయి. బయటికి దూలం నున్నగానే కనిపిస్తుంది, లోపల పిప్పి. ఒక స్క్రూడ్రైవర్ తీసుకుని గోడకి ఆనే చోట పొడిచి చూడండి, సులువుగా దిగిందంటే ఆ కింద మంచం వేయకండి.

గోడల కింది భాగంలో సిమెంటు ప్లాస్టర్ ఉందా? రూపాయి బిళ్లతో తట్టుకుంటూ పోండి. డొల్ల శబ్దం వచ్చిన చోట లోపల సున్నం పిండైపోయి ఉంటుంది. సిమెంటు తేమని బయటికి పోనివ్వదు, ఉప్పంతా వెనకే పేరుకుని పొరలు పొరలుగా ఊడుతుంది. జనమేమో పాత ఇల్లు కదా పాడైపోయింది అంటారు, పాడుచేసింది నిన్నమొన్న వేసిన సిమెంటు. ఆ పెచ్చు తీసేసి గోడని ఒక ఎండాకాలం ఆరనిచ్చి, గానుగ సున్నం పూత మళ్లీ వేయించండి. బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి సున్నం నానబెట్టే మేస్త్రీలు తక్కువైపోయారు, కానీ పూర్తిగా పోలేదు, గుళ్లు బాగుచేసేవాళ్ల దగ్గర వాకబు చేయండి.

ఇంటి వయసు గురించి ఒక మాట. 1908 మూసీ వరదల తర్వాత నిజాం ప్రభుత్వం లియొనార్డ్ మున్ అనే ఆయనతో ఊరంతా సర్వే చేయించింది, 1912 నుంచి 1915 దాకా. ఇంటింటి గీత కనిపించే పటాలు అవి, వాకిలితో సహా. మీ ఇంటి ఆకారం ఆ పటంలో కనబడితే కట్టింది 1915కి ముందే అని ఎవరూ కాదనలేని రుజువు. దానితో పాటు పాత ఇంటి పన్ను రసీదులు, ఉర్దూలో ఉన్న దస్తావేజులు ఏవైనా ఉంటే చదివించండి. ఇల్లు పడగొట్టినా ఉంచినా ఒకసారి కొలతలతో గీయించి పెట్టుకోండి. ఆర్కిటెక్చర్ కాలేజీ పిల్లలెవరైనా ప్రాజెక్టుగా చేసిపెడతారు.

ఫ్లాట్_బెటర్ గారూ, ఆ తలుపు హాల్లో బాగుంటుంది నిజమే. తలుపు ఒక్కటే బాగుంటుంది.

యానాం_రవి:

మా యానాం పుదుచ్చేరిలో భాగం కాబట్టి అక్కడికి తరచూ పోతుంటాను, ఆ కథ కొంత తెలుసు. అందరూ ఫ్రెంచి వీధుల పసుపు గోడల ఫోటోలే చూస్తారు గానీ, తమిళ వీధుల్లో అరుగులు, చెక్క స్తంభాల పందిళ్లు ఉన్న ఇళ్ల మీద జరిగిన పని ఇంకా గొప్పది. ముందు భాగం బాగుచేసుకునే యజమానికి ఖర్చులో కొంత వాటా ఇచ్చి, మిగతాది అతనితోనే పెట్టించారు. వైశ్యాల్ వీధికి 2008లో యునెస్కో ఆసియా పసిఫిక్ అవార్డు వచ్చింది. డబ్బు కొంచెమైనా ఎదురొస్తే ఇంటాయన మాట వింటాడు. అలాగని అంతా బాగుందనుకోకండి, సముద్రం ఒడ్డున మేరీ భవనం, అంటే ఫ్రెంచి కాలపు టౌన్ హాల్, ప్రభుత్వం చేతిలోనే ఉండి 2014 నవంబరు వానల్లో కుప్పకూలింది. మళ్లీ అదే రూపంలో కొత్తది కట్టుకున్నారు.

కాచిగూడ_మనవరాలు:

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ థాంక్స్. గచ్చుపని గారూ, టెర్రస్ మీద సిమెంటు ఉంది, తాతగారు పోయాక వేయించారు. కారడం మొదలైంది కూడా ఆ తర్వాతే అని పిన్ని అంటోంది! పాతకాపు గారూ, అయితే లిస్టు అడగడం దండగేనా? టీడీఆర్ మాకు వస్తుందా? ఇంకోటి, నాన్న ఒక్కరే కాదంటే బిల్డర్ ఆగుతాడా?

ప్లానింగ్_పాతకాపు:

దండగ అనను. లిస్టులో ఉండటం వల్ల ఒరిగేది ఎర్రమంజిల్ చూస్తే తెలుస్తుంది. నవాబు ఫక్రుల్ ముల్క్ గుట్ట మీద కట్టించుకున్న మహల్, పాత లిస్టులోది. దాన్ని పడగొట్టి కొత్త అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో కేబినెట్ తీర్మానించింది, సెప్టెంబరు 16న హైకోర్టు ఆ తీర్మానాన్ని కొట్టేసింది. 2015లో నిబంధన తీసేసినా, ఆ పాత లిస్టు అనే ఆధారం లేకపోతే పిటిషన్ వేసినవాళ్లకి నిలబడటానికి చోటే ఉండేది కాదు. కానీ అక్కడ కొట్లాడటానికి ఊరుంది, లాయర్లున్నారు, పేపర్లున్నాయి. కాచిగూడ ఇంటి కోసం కొట్లాడేది మీ నాన్నగారు ఒక్కరే.

టీడీఆర్ అంటారా, 2012 బిల్డింగ్ రూల్స్‌లోనే హెరిటేజ్ భవనాలకి ఆ వీలు పెట్టారు. కానీ ముందు మీ ఇల్లు గుర్తింపు పొందిన హెరిటేజ్ కావాలి, పాతదైతే చాలదు. సర్టిఫికెట్ వచ్చాక దాన్ని ఏ బిల్డరుకో అమ్ముకోవాలి. అహ్మదాబాద్ 2017లో ప్రపంచ వారసత్వ నగరం అయింది, అక్కడి పోళ్లలో, అంటే పాత పేటల్లో, పాత ఇళ్లవాళ్లు ఈ దారిలో మరమ్మతులకి డబ్బు తెచ్చుకుంటున్నారు. మన దగ్గర రోడ్డు వెడల్పు కోసం స్థలం ఇచ్చినవాళ్లకి ఈ సర్టిఫికెట్లు మామూలైపోయాయి, పాత ఇంటికి తెచ్చుకున్నవాళ్లు నా ఎరుకలో తక్కువ. అడిగి చూడండి, దాని మీదే లెక్కలు వేసుకోకండి.

బిల్డర్ సంగతి. మొత్తం ఇంటి మీద డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కావాలంటే వాటాదారులందరూ సంతకం పెట్టాలి. నాన్నగారు పెట్టకపోతే ఆగుతుంది, కానీ చిన్న బాబాయి పార్టిషన్ దావా వేయొచ్చు, ఇల్లు ముక్కలు కాదు కాబట్టి అమ్మి పంచమని కోర్టే చెప్పొచ్చు. అది తాతగారి స్వార్జితమా, పిత్రార్జితమా, ఎవరి వాటా ఎంత, అందులో మీకేమైనా ఉందా అన్నది ముందు లాయరుకి చూపించండి.

నేనైతే బాబాయికి ఎదురు వెళ్లను. ఆయనకి కావాల్సింది నెలనెలా కాస్త డబ్బు, ఫ్లాటే కావాలని లేదు. వీధి గదుల అద్దెలు ఇప్పటి రేటుకి తెచ్చుకోగలరా, పై అంతస్తులో ఒక భాగం ఆఫీసుకో కేఫ్‌కో ఇవ్వొచ్చా చూడండి. గచ్చుపని గారి లాంటి వాళ్లతో టెర్రస్‌కి ఎంతవుతుందో ఎస్టిమేట్ రాయించి ఆ రెండు అంకెలూ బిల్డర్ ఇచ్చే దానితో కలిపి ఒకే కాగితం మీద పెట్టి నలుగురినీ కూర్చోబెట్టండి. కుదిరితే అప్పుడు నలుగురి సంతకాలతో హెరిటేజ్ అర్జీ పెట్టండి, ఆ ఫైలు విలువే వేరు. కుదరకపోతే కనీసం మున్ పటం కాపీ, కొలతల బొమ్మలు మీ దగ్గర ఉంటాయి.

దేవిడీ_వారసుడు:

పాతకాపు గారి మాట బాగుంది. ఒక్కటే చేరుస్తా, అద్దెదారుల్ని లేపే ఆలోచన ఉంటే ముందు వాళ్ల కాగితాలు చూసుకోండి, మా దగ్గర అసలు గొడవంతా అక్కడే పట్టుకుంది. మేస్త్రీ కావాలంటే మెసేజ్ పెట్టండి, మా వసారా మళ్లీ లేపినతని నంబరిస్తాను. ఇక్కడ ఇంటి ఫోటోలు పెట్టేటట్టయితే ఇంటి నంబరు, షాపు బోర్డులు కనిపించకుండా చూసుకోండి. బిల్డర్లు కూడా చదువుతారు ఇవన్నీ.